యాప్ అప్‌డేట్ దశలవారీగా వదలడం: ఎంత శాతం, ఎన్ని రోజులు, ఎక్కడ ఆపాలి

ముందు మీరు అడిగింది క్లుప్తంగా ఇక్కడ పెడతా, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీ యాప్‌ని ఆండ్రాయిడ్‌లో 40,000 మంది, ఐఫోన్‌లో 8,000 మంది దాకా వాడుతున్నారు. పోయిన అప్‌డేట్ ఒకేసారి అందరికీ వదిలేశారు, లాగౌట్ అయి ఉన్నవాళ్ళెవరూ మళ్ళీ లాగిన్ అవ్వలేకపోయారు, టెస్టింగ్‌లో మాత్రం అంతా శుభ్రంగా పనిచేసింది. ఇప్పుడు స్టేజ్‌డ్ రోలౌట్, అంటే ముందు కొంత శాతం మందికే ఇచ్చి మెల్లగా పెంచడం, మొదలుపెడదాం అనుకుంటున్నారు, 1, 5, 10, 50, 100 శాతం అని ఎక్కడో చూశారు. ఏ శాతం దగ్గర ఎన్ని రోజులు ఆగాలి, తేడా కొడితే వెనక్కి ఎలా తీసుకోవాలి, ఇవీ మీ రెండు ప్రశ్నలు.

రెండోదానితో మొదలుపెడతా, ఎందుకంటే చాలామంది బోల్తా పడేది అక్కడే. వెనక్కి తీసుకోలేరండీ. ప్లే కన్సోల్‌లో (డెవలపర్లు ప్లే స్టోర్‌లో తమ యాప్‌ని నడిపే సైట్) రోలౌట్‌ని హాల్ట్ చేసే బటన్ ఉంటుంది, అది నొక్కితే ఇంకా రానివాళ్ళకి రావడం ఆగుతుంది, అంతే. వచ్చేసినవాళ్ళ ఫోన్లో ఆ వర్షన్ అలాగే కూర్చుంటుంది. ఆండ్రాయిడ్‌లో వర్షన్ కోడ్ (ప్రతి వర్షన్‌కీ వేసే నంబర్) పైకే వెళ్ళాలి, కిందకి రాదు, కాబట్టి ఉదాహరణకి 520లో బగ్ ఉంది కదా అని 519ని మళ్ళీ పంపడం కుదరదు, 519 సోర్స్ తీసుకుని దానికి 521 అని నంబర్ వేసి కొత్త బిల్డ్‌లాగా (తయారుచేసిన యాప్ ఫైల్) పంపాలి. 2025లో గూగుల్ వాళ్ళు 100 శాతం అయిపోయిన రిలీజ్‌ని కూడా హాల్ట్ చేసే వీలు తెచ్చారు గానీ దాని కథా ఇంతే, ఆ తర్వాత కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్ళకి ముందు వర్షన్ వెళ్తుంది, ఇప్పటికే తీసుకున్నవాళ్ళకి ఏమీ మారదు.

ఆపిల్ వైపు ఇంకా తక్కువ. అక్కడ ఫేజ్‌డ్ రిలీజ్ అంటారు, శాతాలు వాళ్ళే నిర్ణయించేశారు, మొదటి రోజు 1, తర్వాత 2, 5, 10, 20, 50, ఏడో రోజు 100. ఇందులో చాలామందికి తెలియని తిరకాసు ఏంటంటే ఈ శాతాలు ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్‌లో పెట్టుకున్నవాళ్ళకి మాత్రమే. స్టోర్‌లోకి వెళ్ళి చేత్తో అప్‌డేట్ నొక్కేవాళ్ళకి మొదటి రోజే కొత్తది వచ్చేస్తుంది, కొత్తగా డౌన్‌లోడ్ చేసేవాళ్ళకీ అదే వస్తుంది. పాజ్ చేయొచ్చు, ఎన్నిసార్లైనా చేయొచ్చు, మొత్తం కలిపి 30 రోజులు దాటకూడదు, కానీ పాజ్‌లో ఉన్నా చేత్తో నొక్కేవాళ్ళకి వెళ్తూనే ఉంటుంది. అందుకే ఐఫోన్‌లో 1 శాతం అన్నప్పుడు మీ 8,000 మందిలో 80 మందే అని లెక్కేసుకోకండి, చెడ్డ బిల్డ్ అయితే స్టోర్‌లో పేజీ చూసి నొక్కిన ప్రతివాళ్ళకీ తగులుతుంది.

ఇంకోటి, స్టేజ్‌డ్ అయినా ఫేజ్‌డ్ అయినా అప్‌డేట్లకే, యాప్ మొట్టమొదటిసారి స్టోర్‌లో పెట్టేటప్పుడు ఈ సౌకర్యం ఉండదు. మీకది అయిపోయింది కాబట్టి వదిలేద్దాం.

సో హాల్ట్ అంటే రక్తం కారడం ఆపడం, గాయం మానడం కాదు. గాయం మానాలంటే కొత్త బిల్డ్ వెళ్ళాలి, దానికి మళ్ళీ స్టోర్‌వాళ్ళ రివ్యూ ఉంటుంది, అది గంటల్లో అవ్వొచ్చు రోజులు పట్టొచ్చు. ఆపిల్‌లో అర్జెంట్ రివ్యూ కోసం రిక్వెస్ట్ పెట్టుకునే దారి ఉంది, కానీ చీటికీ మాటికీ వాడితే అసలు అవసరం వచ్చినప్పుడు ఇవ్వకపోవచ్చు. ఈ మొత్తం సమయం మీ చెడ్డ వర్షన్ కొంతమంది చేతుల్లో ఉంటుంది, ఆ కొంతమంది ఎంతమంది అనేదే మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క విషయం, శాతాలు పెట్టుకునేది దానికోసమే.

ఇప్పుడు శాతాల సంగతి. 1 శాతం అని వినడానికి జాగ్రత్తగా అనిపిస్తుంది. మీ విషయంలో అది దాదాపు దండగ. ఎందుకో మీకు జరిగినదాంతోనే చెప్తా. ఆండ్రాయిడ్‌లో 1 శాతం అంటే 400 మంది. ఆ 400 మందికీ నొక్కగానే రాదు, ప్లే స్టోర్ ఆటో అప్‌డేట్ మామూలుగా ఫోన్ వైఫైలో ఉండి, ఛార్జింగ్‌లో ఉండి, ఎవరూ వాడకుండా ఉన్నప్పుడు నడుస్తుంది, మొదటి రోజు సగం మందికి వచ్చింది అనుకుందాం, 200. మీ యాప్‌లో ఒకసారి లాగిన్ అయితే నెలల తరబడి లాగిన్‌లోనే ఉంటారు కదా, రోజూ వంద మందిలో ఇద్దరు కొత్తగా లాగిన్ అవుతారు అనుకుంటే, మీ బగ్ ఉన్న స్క్రీన్‌ని ఆ రోజు చూసేది నలుగురు. ఆ నలుగురూ రెండుసార్లు ప్రయత్నించి, నెట్ బాలేదేమో అనుకుని ఫోన్ పక్కన పడేస్తారు. మీ డాష్‌బోర్డ్‌లో క్రాష్ లేదు, కంప్లైంట్ లేదు, అంతా పచ్చగా ఉంటుంది. మీరు ధీమాగా 10కి, 50కి వెళ్ళిపోతారు, అంటే స్టేజ్‌డ్ రోలౌట్ పెట్టినా మీ పాత బగ్ పట్టుబడేది కాదు.

దీనికి గణాంకాల్లో ఒక సులువు లెక్క ఉంది, రూల్ ఆఫ్ త్రీ అంటారు. ఎంతమందిలో ఒక సమస్య ఒక్కసారి కూడా కనపడలేదో ఆ సంఖ్యతో 3ని భాగించండి, అసలు రేటు దాదాపు అంతవరకు ఉండే అవకాశం ఉంది, 95 శాతం నమ్మకంతో ఇంతకంటే ఎక్కువ ఉండదు అని మాత్రమే చెప్పగలం. 400 మందిలో ఒక్క క్రాష్ కూడా లేదు అంటే 3 బై 400, అంటే 0.75 శాతం. మొత్తం 40,000కి పెడితే 300 మంది. సున్నా క్రాష్ చూసి ఊపిరి పీల్చుకున్నాక కూడా 300 మందికి పగిలే బగ్ లోపల ఉండొచ్చన్నమాట. అదే 2,000 మందిలో సున్నా అయితే 0.15 శాతం, 60 మంది. అందుకే మీ సైజుకి నేనైతే 5తో మొదలుపెడతా, తర్వాత 20, తర్వాత 50, తర్వాత మొత్తం. పదుల లక్షల్లో యూజర్లు ఉన్నవాళ్ళు 1తోనో అంతకన్నా తక్కువతోనో మొదలుపెట్టడం సబబే, వాళ్ళ 1 శాతమే మీ మొత్తం అంత ఉంటుంది. ఆ సంఖ్యలు వాళ్ళ దగ్గర్నుంచి అలాగే ఎత్తుకొస్తే పనిచేయవు.

ఇక్కడ చూడాల్సింది మీరు పెట్టిన శాతం కాదు, ఆ వర్షన్ నిజంగా ఎంతమంది ఫోన్లో తెరుచుకుంది అనేది. 5 పెట్టి 24 గంటలు అయింది కాబట్టి 20కి వెళ్దాం అని గడియారం చూసి వెళ్ళకండి, కొత్త వర్షన్‌తో కనీసం ఇంతమంది యాప్ తెరవాలి, ఇంతమంది లాగిన్ అవ్వాలి, ఇన్ని పేమెంట్లు జరగాలి అని గేటు పెట్టుకోండి. మీకు లాగిన్ ముఖ్యం కాబట్టి ఉదాహరణకి కొత్త వర్షన్‌లో 50 లాగిన్ ప్రయత్నాలు అయ్యేదాకా 5 దగ్గరే ఉండటం అని పెట్టుకోవచ్చు. అది ఒక రోజులో అవ్వొచ్చు, మూడు రోజులు పట్టొచ్చు. గడియారం పూర్తిగా పనికిరాదని కాదు, కొన్ని బగ్‌లు టైమ్ గడిస్తేనే బయటపడతాయి, టోకెన్ (లాగిన్ అయ్యాక సర్వర్ ఇచ్చే గుర్తు) ఎక్స్‌పైర్ అయ్యేదాకా కనపడనివి, రాత్రిపూట నడిచే బ్యాక్‌గ్రౌండ్ సింక్‌లో ఉన్నవి, మెల్లగా స్టోరేజ్ నింపేవి. కాబట్టి మీ యాప్‌లో టోకెన్ 24 గంటలకి రిఫ్రెష్ అవుతుంటే ఒక్కో దశ అంతకంటే కాస్త ఎక్కువే ఉండాలి. రెండూ కుదరాలి, జనమూ టైమూ.

మొదట అప్‌డేట్ అందుకునేవాళ్ళు మీ యూజర్లందరికీ నమూనా కాదు, ఇదీ గుర్తుపెట్టుకోండి. గూగుల్ ఎంపిక ర్యాండమ్‌గానే చేస్తుంది, కానీ ఎంపికైనవాళ్ళలో ముందుగా దిగేది మంచి వైఫై ఉన్న, స్టోరేజ్ ఖాళీ ఉన్న, కాస్త కొత్త ఫోన్లకి. పాత ఫోన్లు, నిండిపోయిన ఫోన్లు, యాప్‌ని వారానికోసారి తెరిచేవాళ్ళు వెనక వస్తారు, గొడవ పెట్టే ఫోన్లూ అవే. మొదటి రోజు క్రాష్ రేటు పాత వర్షన్ కంటే బావుందని సంబరపడి స్పీడ్ పెంచితే మూడో రోజు పాత ఆండ్రాయిడ్ ఫోన్ల గుంపు వచ్చేసరికి సీన్ మారిపోతుంది. వీలైతే అంకెల్ని ఆండ్రాయిడ్ వర్షన్ వారీగా, ర్యామ్ వారీగా విడదీసి పాత యాప్‌తో పోల్చండి, ఒకే రకం ఫోన్‌ని ఒకే రకం ఫోన్‌తో, అదే గంటల్లో.

అదే గంటల్లో అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, కొన్నిసార్లు గ్రాఫ్ మీ వల్ల లేవదు. 2021 మార్చిలో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే భాగం) అప్‌డేట్ ఒకటి తేడా కొట్టి ప్రపంచమంతా రకరకాల యాప్‌లు వాటంతటవే మూసుకుపోయాయి. ఆ రోజు ఎవరైనా కొత్త వర్షన్ 10 శాతంలో పెట్టి కూర్చుని ఉంటే తమ కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటూ తల బద్దలుకొట్టుకుని ఉంటారు. పాత వర్షన్ గ్రాఫ్ పక్కనే పెట్టుకుని ఉంటే రెండూ కలిసి లేచాయి కాబట్టి బయటి గొడవ అని ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. స్టేజ్‌డ్ రోలౌట్ వల్ల వచ్చే అసలు లాభాల్లో ఇదొకటి, పాతవాళ్ళు పక్కనే పోలికకి దొరుకుతారు. అందరికీ ఒకేసారి ఇచ్చేస్తే పోల్చడానికి ఎవరూ మిగలరు.

ఏం చూడాలి అంటే, క్రాష్ ఒక్కటే చూస్తే మొదటికే మోసం. మీ లాగిన్ బగ్ వివరాలు చూస్తే నాకు అనిపించేది, ఇది రిలీజ్ బిల్డ్‌లో (స్టోర్‌కి వెళ్ళేది) మాత్రమే వచ్చే రకం. ఆర్8 అనే టూల్ కోడ్‌ని కుదించేటప్పుడు క్లాసుల్లో ఫీల్డ్ పేర్లు కూడా మార్చేస్తుంది, జీసన్ (Gson) లాంటి లైబ్రరీ సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌లో (JSON, సర్వర్ డేటా పంపే రూపం) ఉన్న టోకెన్ అనే పేరుని క్లాస్‌లో వెతుకుతుంటే అక్కడ ఆ ఫీల్డ్ పేరు ఏదో ఒక్క అక్షరంగా మారిపోయి ఉంటుంది, రెండూ కలవవు, విలువ నల్‌గా (ఖాళీగా) ఉండిపోతుంది. ఎర్రర్ రాదు, క్రాష్ రాదు, సర్వర్ వైపు 200 ఓకే (అంతా సరిగ్గా జరిగింది) అనే ఉంటుంది, యూజర్ మాత్రం లాగిన్ స్క్రీన్‌లోనే తిరుగుతుంటాడు. డీబగ్ బిల్డ్‌లో (డెవలపర్లు పరీక్షించుకోడానికి తీసేది) మామూలుగా ఆర్8 నడవదు కాబట్టి మీ టెస్టింగ్ టీమ్‌కి ఎప్పటికీ కనపడదు. ముందే లాగిన్ అయి ఉన్నవాళ్ళ దగ్గర పాత టోకెన్ భద్రంగా ఉంటుంది, వాళ్ళకీ కనపడదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ దీనికి సరిగ్గా సరిపోతున్నాయి, ఒకసారి కీప్ రూల్స్ (ఏ పేర్లు మార్చకూడదో ఆర్8కి చెప్పే నియమాలు) చూసుకోండి, లేదా ఆ ఫీల్డ్‌ల మీద సీరియలైజ్‌డ్‌నేమ్ (జేసన్‌లో ఆ ఫీల్డ్ పేరు ఏంటో చెప్పే గుర్తు) పెట్టారో లేదో చూడండి.

ఇలాంటిది పట్టాలంటే యాప్ బతికుందా అని కాకుండా జనం పని అవుతోందా అని కొలవాలి. లాగిన్ బటన్ నొక్కినవాళ్ళలో ఎంతమంది హోమ్ స్క్రీన్‌కి చేరారు, ఆర్డర్ మొదలుపెట్టినవాళ్ళలో ఎంతమంది ముగించారు, ఫోటో ఎంచుకున్నవాళ్ళలో ఎంతమందిది అప్‌లోడ్ అయింది, ఇలా మూడు నాలుగు దారులు చాలు, ప్రతి ఈవెంట్‌కీ వర్షన్ కోడ్ తగిలించి పంపండి. పాత వర్షన్‌లో వందకి 94 మంది లాగిన్ పూర్తి చేస్తుంటే కొత్తదాంట్లో 61 అని కనపడితే ఇంకేం ఆలోచించక్కర్లేదు. నేను చూసిన ఒక యాప్‌లో కొత్త వర్షన్ క్రాష్‌లు పాతదానికంటే తగ్గాయి, టీమ్ అంతా ఖుషీ, తీరా చూస్తే జనం రెండో స్క్రీన్ దాకా వెళ్ళలేకపోతున్నారు, వెళ్ళకపోతే అక్కడి పాత క్రాష్‌లు ఎలా వస్తాయి మరి.

క్రాష్‌ల విషయంలో కూడా ఒక గుడ్డి మూల ఉంది. క్రాష్‌లిటిక్స్ లాంటి క్రాష్ రిపోర్ట్ లైబ్రరీలు యాప్ పగిలినప్పుడు రిపోర్ట్‌ని ఫోన్లోనే రాసుకుని మళ్ళీ యాప్ తెరిచినప్పుడు పంపుతాయి. యాప్ తెరవగానే, ఆ లైబ్రరీ లేవకముందే పగిలిపోతుంటే రిపోర్ట్ అసలు పుట్టదు, లేచిన మరుక్షణమే పగులుతుంటే పంపే టైమ్ దొరక్కపోవచ్చు. అంటే అన్నిటికంటే ఘోరమైన బగ్ మీ డాష్‌బోర్డ్‌లో అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉంటుంది. అందుకే ప్లే కన్సోల్‌లో ఆండ్రాయిడ్ వైటల్స్ అనే క్రాష్ లెక్కలు కూడా చూడాలి, అది ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి వస్తుంది, మీ యాప్ లేచిందా లేదా అనేదాంతో పనిలేదు. దాంతో చిక్కు ఏంటంటే వెంటనే రాదు, కొంత ఆలస్యం ఉంటుంది, మరీ తక్కువమంది ఉన్నప్పుడు అంకెలు చూపించకపోవచ్చు కూడా, చిన్న శాతంతో మొదలుపెట్టొద్దు అనడానికి అదింకో కారణం. రెండిటికీ తోడు నేను చూసే మూడో గుర్తు, కొత్త వర్షన్ ఇన్‌స్టాల్ అయిన ఫోన్ల సంఖ్యకీ ఆ వర్షన్ నుంచి సర్వర్‌కి వచ్చే మొదటి రిక్వెస్ట్‌ల సంఖ్యకీ తేడా. అప్‌డేట్లు వెళ్తున్నాయి కానీ ఆ వర్షన్ నుంచి సర్వర్‌కి ఎవరూ రావట్లేదు అంటే తలుపు దగ్గరే పడిపోతున్నారని.

వైటల్స్‌లో గూగుల్ పెట్టిన గీతలు కూడా తెలిసి ఉండాలి. యూజర్‌కి కనపడే క్రాష్ రేటు 1.09 శాతం, ఏఎన్ఆర్ (యాప్ స్పందించకుండా బిగుసుకుపోవడం) రేటు 0.47 శాతం, ఏదో ఒక ఫోన్ మోడల్‌లో అయితే 8 శాతం. అవి దాటితే స్టోర్‌లో మీ యాప్ కనపడటం తగ్గొచ్చు, ఆ మోడల్ వాళ్ళకి పేజీలో హెచ్చరిక కూడా రావచ్చు. ఇవి 28 రోజుల సగటు మీద చూస్తారు కాబట్టి ఒక్క రోజు చెడితే కొంప మునగదు, కానీ ఇవి మీ ఆపే గీతలు కాకూడదు. పాత వర్షన్ 0.3 దగ్గర ఉంటే కొత్తది 0.6 అవ్వగానే ఆపాలి, 1.09 దాకా చోటుంది కదా అని కూర్చోకూడదు.

ఆపే గీత బటన్ నొక్కకముందే రాసిపెట్టుకోవడం నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యం, శాతాలకంటే కూడా. రిలీజ్ నోట్స్ పక్కనే నాలుగు లైన్లు రాయండి. క్రాష్ పడ్డ యూజర్ల శాతం పాతదానికి రెట్టింపు అయితే ఆపుతాం, పాత వర్షన్‌లో అసలు లేని కొత్త క్రాష్ ఐదుగురికి మించి వస్తే ఆపుతాం, లాగిన్ పూర్తి అయ్యే శాతం 5 పాయింట్లు పడితే ఆపుతాం, డబ్బు తేడా వచ్చింది అని ఒక్క నిజమైన కంప్లైంట్ వచ్చినా ఆపుతాం. అంకెలు మీ యాప్‌ని బట్టి మార్చుకోండి. కింద ఒక పేరు రాయండి, ఆ మనిషి ఎవర్నీ అడక్కుండా హాల్ట్ నొక్కొచ్చు అని. ఇది ఎందుకంటే, రోలౌట్ మొదలయ్యాక టీమ్‌లో అందరూ లాయర్లు అయిపోతారు. ఇది పాత బగ్గే కదా, ఆ ఫోన్ మోడలే చెత్తది, ఇంకో రెండు గంటలు చూద్దాం, రేపు డెమో ఉంది, ఇలా ప్రతి అంకెకీ ఒక సాకు దొరుకుతుంది. ముందే రాసుకుంటే వాదించడానికి చోటుండదు. హాల్ట్ చేసి చూసి ఏమీ లేదని తేలితే మళ్ళీ రెజ్యూమ్ చేయడమే, పోయేదేం లేదు, కాబట్టి ఆపడానికి మొహమాటపడక్కర్లేదు.

రోజుల గురించి. శుక్రవారం రిలీజ్ వద్దు అని అందరూ అంటారు, ఆండ్రాయిడ్‌లో అయితే శుక్రవారమైనా పర్వాలేదు, శాతం మీరు పెంచితేనే పెరుగుతుంది కాబట్టి ఎప్పుడు మొదలుపెట్టినా వారాంతంలో 5 దగ్గరే ఉంచి పడుకోవచ్చు. ఐఫోన్‌లో అది దానంతట అదే పెరుగుతుంది కాబట్టి లెక్క తిరగబడుతుంది. సోమవారం మొదలుపెట్టారు అనుకోండి, మంచి రోజులాగే అనిపిస్తుంది, కానీ శుక్రవారం 20, శనివారం 50, ఆదివారం 100. పెద్ద గంతులన్నీ ఎవరూ లేని రోజుల్లో పడతాయి. అదే గురువారం మొదలుపెడితే శుక్రవారం 2, శనివారం 5, ఆదివారం 10, ఆఫీసుకొచ్చేసరికి సోమవారం 20, మంగళవారం 50, బుధవారం 100. అందుకే ఐఫోన్ రిలీజ్ గురువారం, ఆదివారం అసలు ఎవరూ చూడరు అనుకుంటే శనివారం పాజ్ పెట్టేసి సోమవారం తీయండి, 30 రోజుల్లో రెండు రోజులు పోతాయి అంతే.

ఇప్పుడు గాయం మాన్పడం సంగతికి వస్తా, ఇది కాస్త పెద్దది. కొత్త బిల్డ్ కోసం ఎదురుచూడకుండా చెడ్డ భాగాన్ని ఆపగలగాలంటే ఫీచర్ ఫ్లాగ్‌లు కావాలి. కొత్త కోడ్ యాప్‌లో ఉంటుంది కానీ ఆరిపోయి ఉంటుంది, సర్వర్‌లో విలువ మార్చితే వెలుగుతుంది. ఇలా చేస్తే స్టోర్ రోలౌట్, ఫీచర్ రోలౌట్ రెండూ విడిపోతాయి. ముందు బిల్డ్‌ని ఫ్లాగ్‌లన్నీ ఆఫ్‌లో పెట్టి 100 శాతానికి తీసుకెళ్ళండి, అక్కడ చూసేది కొత్త బిల్డ్ పాతదానిలాగే నడుస్తోందా అని మాత్రమే, తర్వాత ఫ్లాగ్‌ని 5, 20, 50 అని తెరవండి. తేడా వస్తే విలువ వెనక్కి, రివ్యూలు గివ్యూలు ఏమీ లేవు. మీరు కోరుకున్న రోల్‌బ్యాక్‌కి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే.

ఫ్లాగ్‌ని శాతంగా తెరిచేటప్పుడు యాప్ తెరిచిన ప్రతిసారీ పాచికలు వేయకండి, ఒకే మనిషికి పొద్దున కొత్త స్క్రీన్, సాయంత్రం పాత స్క్రీన్ వస్తే పిచ్చెక్కుతుంది. యూజర్ ఐడీకి ఫ్లాగ్ పేరు అతికించి దాని హ్యాష్ (ఆ అక్షరాల నుంచి లెక్కకట్టే, ఎప్పుడూ ఒకేలా వచ్చే అంకె) తీసి 100తో భాగిస్తే మిగిలే శేషం 0 నుంచి 99 మధ్య ఉంటుంది, అది 5 కంటే తక్కువైతే ఆన్. రేపు 20కి పెంచినప్పుడు ముందున్న 5 శాతం మందీ లోపలే ఉంటారు, కొత్తగా 15 శాతం మంది కలుస్తారు. ఫ్లాగ్ పేరు ఎందుకు అతికించాలి అంటే, అతికించకపోతే ప్రతి ప్రయోగమూ అదే 5 శాతం నెత్తిన పడుతుంది, వాళ్ళకి మీ యాప్ ఎప్పుడూ సగం ఉడికినట్టే ఉంటుంది. రిమోట్ కాన్ఫిగ్ (ఫ్లాగ్ విలువల్ని సర్వర్ నుంచి పంపే గూగుల్ సేవ) లాంటివి వాడితే ఈ పని అవే చేస్తాయి. కానీ అందులో విలువలు తెచ్చుకునే గడువు డిఫాల్ట్‌గా 12 గంటలు, మీరు సర్వర్‌లో ఆఫ్ చేసినా కొందరి ఫోన్లో పాత విలువే సగం రోజు ఉంటుందన్నమాట. రియల్‌టైమ్‌లో వినే పద్ధతి ఉంది, దాన్ని కట్టుకోండి, కట్టుకుని ఒకసారి నిజంగా ఆఫ్ చేసి చూడండి. నెట్ లేనప్పుడు, విలువ రానప్పుడు యాప్ ఏం అనుకుంటుంది అనేది కూడా ఆఫ్ వైపే ఉండాలి. ఒక జాగ్రత్త, ఫ్లాగ్‌ల వెనక ఫీచర్‌ని దాచి రివ్యూ చేసేవాళ్ళ కంట పడకుండా పెట్టడం ఆపిల్ ఒప్పుకోదు, దాగి ఉన్న ఫీచర్లు వద్దని వాళ్ళ గైడ్‌లైన్స్‌లో 2.3.1లో ఉంది, రివ్యూ నోట్స్‌లో చెప్పేయండి.

ఫ్లాగ్ ఉంది కదా అని దాన్ని మాత్రం ఒకేసారి 100 చేసేస్తే మళ్ళీ మొదటికే వచ్చినట్టు. 2020 మేలో ఫేస్‌బుక్ సర్వర్‌లో ఏదో మార్పు చేస్తే వాళ్ళ ఎస్‌డీకే (వేరేవాళ్ళు తమ యాప్‌లో కలుపుకునే కోడ్) ఉన్న ఐఫోన్ యాప్‌లు, స్పాటిఫై, టిక్‌టాక్ లాంటివి, తెరవగానే మూసుకుపోయాయి, ఆ యాప్‌లవాళ్ళు ఆ రోజు ఏ అప్‌డేటూ ఇవ్వలేదు పాపం. జులైలో మళ్ళీ అదే కథ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ (సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ) గొడవ అందరికీ తెలిసిందే, అది కూడా కొత్త సాఫ్ట్‌వేర్ వర్షన్ కాదు, ఒక కంటెంట్ ఫైల్, దశలు లేకుండా అందరికీ వెళ్ళిపోయింది, మైక్రోసాఫ్ట్ అంచనాలో 85 లక్షల విండోస్ మెషీన్లు పడ్డాయి. కాన్ఫిగ్ (సెట్టింగుల విలువలు) కూడా కోడే, దాన్నీ మెట్లు ఎక్కించాలి.

ఫ్లాగ్ కాపాడలేని చోటు డేటాబేస్. 520లో లోకల్ టేబుల్స్ మార్చారు, మైగ్రేషన్ (పాత డేటాని కొత్త రూపంలోకి మార్చడం) నడిచింది, తర్వాత హాల్ట్ చేసి 519 కోడ్‌నే 521గా పంపారు అనుకోండి. ఆ ఫోన్లో డేటాబేస్ ఇప్పటికే కొత్త రూపంలో ఉంది, పాత కోడ్‌కి ఆ రూపం తెలీదు, రూమ్ (ఆండ్రాయిడ్ డేటాబేస్ లైబ్రరీ) వాడుతుంటే వెనక్కి వచ్చే దారి రాయలేదని యాప్ తెరవగానే పగిలిపోతుంది. లాగిన్ బగ్‌ని సరిచేయబోయి యాప్ మొత్తాన్ని చంపేసినట్టవుతుంది. దీనికి ముందునుంచీ పాటించాల్సింది, ఒక రిలీజ్‌లో కొత్త కాలమ్ కలపడం మాత్రమే చేయండి, పాతది తీసేయకండి, పేరు మార్చకండి. తర్వాతి రిలీజ్‌లో దాన్ని వాడటం మొదలుపెట్టండి. పాత కాలమ్‌ని ఇంకో రెండు మూడు రిలీజ్‌ల తర్వాత తీయండి. డేటాబేస్ మార్పు ఉన్న రిలీజ్‌ని వెనక్కి తిప్పేటప్పుడు పాత సోర్స్‌ని గుడ్డిగా తీసుకోకుండా 520 మీదే చెడ్డ ముక్క తీసేసి 521 చేయడం మేలు. టెస్ట్ చేసేటప్పుడు కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఫోన్ మీద కాదు, 520 ఎక్కించి కొన్ని రోజులు వాడిన ఫోన్ మీద 521 ఎక్కించి చూడాలి.

సర్వర్ వైపు కూడా ఇదే సంగతి. రోలౌట్ నడుస్తున్నన్ని రోజులు రెండు వర్షన్లు ఒకే సర్వర్‌తో మాట్లాడతాయి, నిజానికి రెండు కాదు, అప్‌డేట్ చేయని పాతవాళ్ళు నెలల తరబడి ఉంటారు. మీ యాప్‌లో మెసేజ్‌లు ఉంటే కొత్త వర్షన్‌లో ఉన్నవాళ్ళు పంపిన కొత్తరకం మెసేజ్‌ని పాత వర్షన్‌లో ఉన్నవాళ్ళు తెరుస్తారు, అక్కడ పాత యాప్ పగిలితే తప్పు చేసింది కొత్త వర్షన్, క్రాష్ కనపడేది పాత వర్షన్‌లో, మీ పోలిక మొత్తం తారుమారు. అర్థంకానిది వస్తే ఇది చూడాలంటే అప్‌డేట్ చేయండి అని చూపించే కోడ్ ఫీచర్‌కంటే ఒకటి రెండు రిలీజ్‌లు ముందే జనంలో ఉండాలి.

ఫిక్స్ పంపేటప్పుడు మళ్ళీ అదే మెట్ల దారి తొక్కాలా అంటే, ఫిక్స్ చిన్నదైతే వద్దంటా. 521ని 5 శాతంలో పెట్టి రోజుల తరబడి లాగితే చెడ్డ 520లో ఇరుక్కున్నవాళ్ళకి అది ఎప్పుడు చేరుతుందో మీ చేతుల్లో ఉండదు. కొన్ని గంటలు చూసి పెద్ద అంగలు వేయండి. అందులో వేరే ఫీచర్లు దూర్చకండి, ఇది మాత్రం కచ్చితంగా పాటించండి, ఎలాగూ బిల్డ్ వెళ్తోంది కదా ఇదీ పెడదాం అనే మనిషి ప్రతి టీమ్‌లో ఒకరు ఉంటారు. ప్లేలో ఇన్-యాప్ అప్‌డేట్ అని ఉంది, యాప్ తెరవగానే కొత్త వర్షన్ తీసుకోమని చూపిస్తుంది, ఫ్లెక్సిబుల్ అనే రకం వెనక డౌన్‌లోడ్ చేస్తుంది, ఇమీడియట్ అనేది స్క్రీన్ మొత్తం ఆక్రమించి ముందు అప్‌డేట్ చేయమంటుంది. రిలీజ్‌కి ప్రయారిటీ 0 నుంచి 5 దాకా ఇవ్వొచ్చు, డెవలపర్ ఏపీఐ (ప్లే పనుల్ని కోడ్‌తో చేసే దారి) ద్వారా రిలీజ్ పెట్టేటప్పుడే ఇవ్వాలి, వదిలాక మార్చడం కుదరదు, ఇవ్వకపోతే 0 అనే అర్థం. ఆ ప్రయారిటీ చూసి ఏ రకం చూపించాలో నిర్ణయించే కోడ్ మీ యాప్‌లో ముందే ఉండాలి, 520లో ఆ కోడ్ లేకపోతే 521కి 5 ఇచ్చినా వినే నాథుడు లేడు. అందుకే మీ తర్వాతి రిలీజ్‌లో ఫీచర్లు ఏమున్నా లేకపోయినా ఈ ముక్క పెట్టేయండి. స్టార్టప్ క్రాష్‌లో ఇరుక్కున్నవాళ్ళకి మాత్రం ఇదీ పనిచేయదు, యాప్ లేస్తేగా అడిగేది, వాళ్ళు స్టోర్ ఆటో అప్‌డేట్ వచ్చేదాకా అలా ఉండాల్సిందే.

అన్నిటికీ దశలు అక్కర్లేదు కూడా. కొన్ని వందల మంది వాడే యాప్ అయితే 5 శాతం అంటే పాతిక మంది కూడా ఉండరు, ఏమీ తెలీదు, దానికంటే ఇంటర్నల్ టెస్టింగ్ ట్రాక్‌లో (ప్లేలో మీరు ఎంచుకున్నవాళ్ళకి మాత్రమే బిల్డ్ ఇచ్చే చోటు) నమ్మకమైన మనుషుల్ని పెట్టుకోవడం మేలు. బయటివాళ్ళకి తెలిసిపోయిన సెక్యూరిటీ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ని వారం పాటు లాగడం కూడా తెలివైన పని కాదు.

ఇంటర్నల్ ట్రాక్ అన్నాను కాబట్టి, మీ టెస్టింగ్ టీమ్ ఆండ్రాయిడ్ స్టూడియోలోంచి తీసిన ఏపీకే (యాప్ ఫైల్) పెట్టుకుని చూస్తున్నట్టుంది, అది మానేయండి. స్టోర్ నుంచి వచ్చే బిల్డ్ వేరు, అందులో ఆర్8 నడిచి ఉంటుంది, ప్లే యాప్ సైనింగ్ వల్ల ఫైల్ మీద ఉండే డిజిటల్ సంతకం మీ అప్‌లోడ్ కీది కాకుండా గూగుల్ దగ్గరున్న కీది ఉంటుంది. సంతకం మారితే గూగుల్ సైన్-ఇన్ కోసం ఇచ్చిన ఫింగర్‌ప్రింట్ (ఆ సంతకం గుర్తు) కలవదు, ఓటీపీ మెసేజ్‌ని దానంతట అదే చదవడానికి మెసేజ్ చివర పెట్టే 11 అక్షరాల హ్యాష్ కూడా కలవదు. ఇంటర్నల్ ట్రాక్‌లో 100 మంది దాకా పెట్టుకోవచ్చు, అందులో ఇద్దరికి చెప్పండి, ప్రతి బిల్డ్‌కీ లాగౌట్ అయి లాగిన్ అవ్వమని, ఇంకొకరికి పాత వర్షన్ మీద అప్‌డేట్ ఎక్కించి చూడమని. మీ పోయిన బగ్ అక్కడే దొరికేది, 5 శాతం దాకా కూడా రావాల్సిన అవసరం ఉండేది కాదు.

చివరిగా ఒకటి, ఫీచర్ ఫ్లాగ్ 100 అయ్యి రెండు రిలీజ్‌లు ప్రశాంతంగా గడిచాక ఆ ఫ్లాగ్‌ని, దాని వెనకున్న పాత కోడ్‌ని తీసేయండి, తీసే తేదీ ఫ్లాగ్ పుట్టించిన రోజే టికెట్‌లో వేసి పెట్టండి. నల్‌గా వచ్చే టోకెన్ సంగతి కీప్ రూల్స్‌లో చూసి ఏం తేలిందో చెప్పండి, అది కాకపోతే లాగిన్ రిక్వెస్ట్ పోయే చోట, రెస్పాన్స్ చదివే చోట ఉన్న కోడ్ పెట్టండి, చూద్దాం.